ఊతకర్రకు ఉన్న నిషేధం కత్తికి లేదా?

సంపాదకుడికి,

అయ్యా,

మా జిల్లాలో పోలీసు చట్టం సెక్షన్ 30 అమలును ఈ నెలాఖరు వరకు పొడిగించారన్న నాలుగు వాక్యాల వార్తను గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు జరపరాదని, కర్రలు, కత్తులు, రాళ్లు వెంట తేరాదని అందులో ఉంది. ఈ వార్త ప్రతి నెలా వస్తూనే ఉంది, తేదీ ఒక్కటే మారుతోంది. ఆ ఆజ్ఞ ఎవరి మీద అమలవుతోందో, ఎవరి జోలికి పోవడం లేదో నేను కళ్లారా చూశాను కనుక ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

కరువు భత్యం బకాయిల కోసం మా పెన్షనర్లం డెబ్బై మందిమి ముందుగా దరఖాస్తు పెట్టుకుని, అనుమతి తీసుకునే ధర్నాకు కూర్చున్నాం. బందోబస్తుకు వచ్చిన సిబ్బంది మొదట మా జెండా కర్రలు లాగేసుకుని, గుడ్డలు మాత్రం మా చేతిలో పెట్టారు. తర్వాత ఎనభై ఏళ్లు దాటిన మా సహోద్యోగి ఊతకర్రను కూడా తీసుకెళ్లి ఆటోలో పడేశారు. అడుగున రబ్బరు తొడుగు అరిగిపోయిన వెదురు కర్ర అది. ఆయన ఆ రోజంతా నా భుజం పట్టుకునే నడిచారు. ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే అదే కూడలి మీదుగా ఒక ఊరేగింపు సాగింది. ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడిన కుర్రవాళ్లు బారెడు కత్తులు గాలిలో తిప్పుతూ డీజే మోతకు ఎగురుతుంటే, మమ్మల్ని తనిఖీ చేసిన సిబ్బందే ట్రాఫిక్ ఆపి వారికి దారి ఇచ్చారు. అది ఎవరి ఊరేగింపో ఇక్కడ రాయను, ఎందుకంటే ఈ విషయంలో మా ఊళ్లో ఏ పక్షమూ తక్కువ తినలేదు.

రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణ పౌరులకు సమావేశమయ్యే హక్కు ఇస్తూ, ‘శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా’ అన్న షరతును ఆ హక్కులోనే చేర్చింది. ఈ మాట 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలోనే ఉంది. ఆయుధాలు కలిగి ఉండే హక్కును కూడా ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో సభ్యుడిగా సవరణ ప్రతిపాదిస్తే సభ దానిని ఒప్పుకోలేదు. అంటే వట్టి చేతులతో వచ్చేవాడికి హక్కు ఉంది, కత్తి పట్టుకు వచ్చేవాడికి లేదు. మా కూడలిలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

పార్లమెంటు చేసింది కూడా చెప్పుకోవాలి. ఊరేగింపుల్లో ఆయుధాలు మోయడాన్ని నిషేధించే అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు ఇస్తూ 2005లో నేర విచారణ స్మృతికి 144-ఎ అనే సెక్షన్‌ను, ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించేలా శిక్షాస్మృతికి 153-ఎఎ అనే సెక్షన్‌ను చేర్చారు. ఆ సవరణ చట్టంలో చాలా భాగం 2006 జూన్‌లో అమల్లోకి వచ్చినా ఈ రెండింటినీ మాత్రం పక్కన పెట్టారు. ఆ పాత స్మృతుల స్థానంలో 2024 జూలై 1న వచ్చిన కొత్త సంహితల్లో, జనం గుమిగూడకుండా నిషేధాజ్ఞ విధించే పాత 144కు బదులు 163 ఉంది కానీ, 144-ఎ ఊసే లేదు. పార్లమెంటు ఆమోదించిన సెక్షన్ ఒక్కరోజైనా అమలు కాకుండా కాలగర్భంలో కలిసిపోతే అడిగిన నాథుడు లేడు.

అయినంత మాత్రాన పోలీసులకు చేతిలో చట్టం లేదనడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో 1348 ఫస్లీ (నిజాం కాలం) నాటి నగర పోలీసు చట్టం ఉంది. చట్టవిరుద్ధంగా గుమిగూడినవారిలో మారణాయుధం ధరించిన వ్యక్తికి రెండేళ్ల వరకు శిక్ష వేసే 189(4) సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో ఉంది. ఆనందమార్గ్ అనే ఆధ్యాత్మిక సంస్థ అనుచరుల తాండవ నృత్య ఊరేగింపు కేసులో 1983లోనే సుప్రీంకోర్టు, కత్తులు, పుర్రెలు పట్టుకుని వీధుల్లో నర్తించడం మత స్వేచ్ఛ కిందికి రాదని తేల్చింది. అదే తీర్పులో, 144 ఉత్తర్వులను గడువు తీరగానే మళ్లీ మళ్లీ జారీ చేస్తూ పోవడం కూడా తగదని చెప్పింది. మా అధికారులు ఈ రెండు మాటల్లో దేనినీ వినిపించుకోలేదు. సెక్షన్ 30 అయినా సభలను క్రమబద్ధం చేయడానికే తప్ప ఆపేయడానికి కాదు. దాని పేరుతో రోడ్ల మీద సభలను కట్టడి చేసిన ఆంధ్రప్రదేశ్ జీవో నంబరు 1ని 2023 మే నెలలో హైకోర్టు కొట్టివేసిన సంగతి అప్పుడే మరిచిపోయారా?

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ ఊరేగింపునకు అనుమతి ఇచ్చినా ఆయుధాలు ఉండరాదన్న షరతును ఆ పత్రంలో రాయాలి, నిర్వాహకుల చేత సంతకం చేయించాలి, తప్పితే వారి మీదే కేసు పెట్టాలి. నిషేధాజ్ఞను పొడిగించిన ప్రతిసారీ అందుకు కారణమేమిటో తెలుగులో రాసి స్టేషన్ బోర్డు మీద అంటించాలి. ఆ ఉత్తర్వు ప్రతి కోసం నేను రెండుసార్లు తిరిగాను, నా చేతికి రాలేదు. మీ విలేకరి అడిగితే ఇస్తారేమో. వచ్చే నెల పొడిగింపు వార్తతో పాటు ఆ కారణాన్ని కూడా ప్రచురించండి. మా సహోద్యోగి ఊతకర్ర ఎక్కడుందో కూడా వీలైతే కనుక్కోండి, ఆయన ఇంకా అడుగుతున్నారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు