రిపోర్టులన్నీ నార్మల్ అన్న మాధవికి

చి. మాధవికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. నేనూ నాన్నా ఇక్కడ కులాసా. ఫోన్‌లో కాసేపు ఎక్కువ మాట్లాడితే మర్నాడు నీకు తల లేవడం లేదని కిరణ్ చెప్పాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒక్క బిగిన చదవకు. కాస్త చదివి పక్కన పెట్టి, ఓపిక ఉన్నప్పుడు మళ్లీ తీసుకో.

నువ్వు పంపిన రిపోర్టులన్నీ చూశాను. ల్యాబ్ ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా కాగితం చేతికి రాగానే నా చూపు నార్మల్ రేంజి గడి మీదికే పోతుంది. నువ్వు అడిగింది ఒక్కటే: స్నానం చేసొచ్చి మళ్లీ పడుకోవాల్సినంత నీరసం ఉంటే ఒక్కదాంట్లోనూ తేడా రాదేంటమ్మా, ఇంకా పెద్ద టెస్టు ఏదైనా ఉందా అని. లేదమ్మా. నీకుందని డాక్టరమ్మ చెప్పిన క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌ను ఖాయం చేసే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇవాళ్టికి ఏ దేశంలోనూ లేదు. లక్షలు పోసినా దొరకదు. డాక్టరు నీ మాట శ్రద్ధగా విని, మిగతా జబ్బులేవీ లేవని చూసుకుని చెప్పాల్సిందే.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీనికి కొలతలు పెట్టింది. ఇదివరకటి పనులు చేసుకోలేనంత అలసట ఆరు నెలలు దాటి ఉండాలి. కాస్త ఒళ్లు వంచి పని చేస్తే, వెంటనే కాకపోయినా మర్నాడో ఆ మర్నాడో మనిషి కూలబడిపోవాలి. ఎంత నిద్రపోయినా తేలిక కనిపించకూడదు. వీటికి తోడు బుర్ర మొద్దుబారడం, నిలబడితే కళ్లు తిరగడం, ఈ రెంటిలో ఒకటైనా ఉండాలి. డెంగ్యూ తగ్గినప్పటి నుంచీ ఇవన్నీ నీకున్నాయి. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ అయితే అంత ఆగక్కర్లేదు, మూడు నెలలకే ఈ పేరు పెట్టొచ్చని 2021లో చెప్పింది. కాబట్టి ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ తొందరపడిందని అనుకోకు.

ఆవిడకు ముందు చూసినాయన "టెన్షన్ తగ్గించుకోండి, అంతా సర్దుకుంటుంది" అన్నాడని ఏడ్చావు. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊరి చుట్టుపక్కల జ్వరం వచ్చినవాళ్లను మొదటి రోజుల నుంచే వెంబడి ఉండి చూశారు. కొందరికి ఎప్‌స్టీన్ బార్ వైరస్, కొందరికి క్యూ ఫీవర్, కొందరికి దోమల వల్ల వచ్చే రాస్ రివర్ వైరస్. 253 మందిలో సుమారు 12 శాతం మంది ఆరు నెలలకీ కోలుకోలేదు. క్రిమి ఏదైనా అంతే. ఎవరు కోలుకోరో ముందుగా చెప్పగలిగింది మొదటి జ్వరం తీవ్రతే, వాళ్ల మనస్తత్వాన్ని బట్టి ఏమీ తేలలేదు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. నిన్ను ఆస్పత్రిలో పడుకోబెట్టిన జ్వరం ఎలాంటిదో నాకు తెలుసు. ఎవరైనా మళ్లీ టెన్షన్ అంటే నాకు ఫోన్ ఇవ్వు.

ఇక పరీక్షలు. ఈ జబ్బును పట్టుకోవడానికి కాకపోయినా, ఇలాగే కనిపించే వేరే జబ్బు దాక్కుని ఉందేమో చూడటానికి అవి కావాలి. నీకు చాలావరకు అయిపోయాయి: సీబీపీ, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, షుగర్ మూడు నెలల సగటు, క్రియాటినిన్, లివర్, కాల్షియం, థైరాయిడ్, మూత్రం. చెస్ట్ ఎక్స్‌రే కూడా తీయించారు, మన దేశంలో టీబీని మర్చిపోకూడదు కదా. మిగిలినవి ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, కండరాలకు సంబంధించిన సీపీకే, గోధుమ పడకపోవడాన్ని చూసే టీటీజీ, బీ12, డీ విటమిన్, అడ్రినల్ గ్రంథుల పనిని చూపే పొద్దుటి కార్టిసాల్. నీకు హిమోగ్లోబిన్ 12 ఉందని ఐరన్ సంగతి వదిలేశారు. హిమోగ్లోబిన్ బాగున్నా లోపల నిల్వ ఖాళీ అయిపోయిన ఆడపిల్లలను ఎంతమందిని చూశానో. ఫెరిటిన్ చేయించు, సీఆర్‌పీ అదే రోజు మళ్లీ చేయించు. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ ఊరికే పెరిగి, ఐరన్ ఉన్నట్టు భ్రమ పెడుతుంది. కార్టిసాల్ రక్తం పొద్దున ఎనిమిది తొమ్మిది మధ్య ఇవ్వాలి. పదకొండుకు తీరిగ్గా వెళ్తే ఆ అంకెకు విలువ ఉండదు. బీ12 ఇంజెక్షన్ చేయించుకున్నాక బీ12 పరీక్ష చేయించుకోవడం దండగ, ముందే ఇచ్చెయ్.

అన్నట్టు, జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావుగా? ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొన్ని మిషన్లలో థైరాయిడ్ ఫలితం తప్పు వస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. శాంపిల్‌కి కనీసం రెండు మూడు రోజుల ముందు మానేసి, ఆ ఒక్క పరీక్ష మళ్లీ చేయించు. ఈ సంగతి కలెక్షన్‌కి ఇంటికొచ్చే కుర్రాడు అడగడు, మనమే చెప్పాలి.

ల్యాబ్‌వాళ్లు అమ్మే ఆ "ఫెటీగ్ ప్యాకేజీ" మాత్రం వద్దు. అందులో సగం ఐజీజీ అనే యాంటీబాడీని చూసే పరీక్షలే. ఏదైనా వైరస్‌కి ఐజీజీ పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. ఎప్‌స్టీన్ బార్ వైరస్‌కి లోకంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా పాజిటివే వస్తుంది, నాకూ వస్తుంది, మీ అత్తగారికీ వస్తుంది. ఏ తిండి పడదో చెప్తామనే ఐజీజీ జాబితా ఇంకా అన్యాయం. నువ్వు తరచూ తినేవాటికే పాజిటివ్ చూపిస్తుంది, నువ్వు పప్పూ పెరుగూ మానేసి ఇంకా చిక్కిపోతావు. అమెరికాలో 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ ఈ రోగుల రక్తంలో దొరికిందని సైన్స్ పత్రికలో వచ్చింది. వెంటనే దానికి పరీక్షలు అమ్మకానికి పెట్టారు, కొందరు రోగులు హెచ్ఐవీ మందులు కూడా మింగారు. చివరికి అది ల్యాబ్‌లో కలిసిన కాలుష్యమని తేలి 2011లో ఆ వ్యాసాన్నే వెనక్కి తీసుకున్నారు. వరసగా రెండు రోజులు సైకిల్ తొక్కించి ఊపిరి కొలిచే పరీక్ష ఒకటుంది. రెండో రోజు చాలామంది రోగుల శక్తి పడిపోవడం అందులో కనిపిస్తుంది. కానీ దాని తర్వాత వారాల తరబడి లేవలేనివాళ్లున్నారు. నీకు వద్దు.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది, అది మాత్రం తప్పకుండా చెయ్యి. ఆదివారం పొద్దున కాఫీ తాగకముందు, కిరణ్ పక్కన ఉన్నప్పుడు. పది నిమిషాలు వెల్లకిలా పడుకో. బీపీ, నాడి రాసుకోమను. తర్వాత లేచి, మడమలు గోడకు ఆరంగుళాల దూరంలో పెట్టి వీపు పైభాగం గోడకు ఆన్చి, కదలకుండా పది నిమిషాలు నిలబడు. నిమిషానికోసారి రాయాలి. మాట్లాడొద్దు, కాళ్లు అటూ ఇటూ ఆడించొద్దు. కళ్లు చీకట్లు కమ్మితే ఆపేసి వెంటనే పడుకో, పది నిమిషాలు పూర్తి చేయాలన్న పంతం వద్దు. బీపీ పెద్దగా పడకుండా నాడి ముప్ఫైకి మించి పెరిగి అలాగే ఉంటే దాన్ని పాట్స్ అంటారు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో అది బాగా కనిపిస్తుంది, పైగా దానికి మందులున్నాయి. వంటింట్లో నిలబడలేక స్టూలు వేసుకుంటున్నానని అన్నావే, ఆ మాట విన్నప్పటి నుంచీ నా అనుమానం దాని మీదే. ఆ కాగితం డాక్టరమ్మకు చూపించు. ప్రొప్రనలోల్, ఐవాబ్రడిన్, ఫ్లూడ్రోకార్టిసోన్, మిడోడ్రిన్, వీటిలో నీకు ఏది సరిపోతుందో ఆవిడే చూస్తుంది. అప్పటిదాకా నీళ్లు బాగా తాగు. ఉప్పు వేసిన మజ్జిగ, తొడల దాకా వచ్చే బిగుతు సాక్సులు చాలామందికి పనికొస్తాయి. కానీ ఉప్పు పెంచే ముందు నీ బీపీ ఎంతుందో ఆవిడకు చెప్పు.

జబ్బును పూర్తిగా తీసేసే మందు లేదు. ఈ మాట నీకు నేను చెప్తేనే మంచిది, ఎవరో ఆశపెట్టి తర్వాత తీసేసేకన్నా. నార్వేలో రిటుక్సిమాబ్ అనే ఖరీదైన మందు మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించింది. 151 మంది మీద సరిగ్గా పరీక్షిస్తే ఉత్త సెలైన్‌కీ దానికీ తేడా లేదని 2019లో తేలింది. ఉన్న మందులు ఒక్కో బాధకు ఒక్కోటి. నిద్రకూ నొప్పులకూ చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. అది డిప్రెషన్ మందని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు, ఇక్కడ మోతాదు వేరు, ఉద్దేశం వేరు. తక్కువ మోతాదు నాల్ట్రెక్సోన్ గురించి అడిగావు. కొందరు బాగుందంటున్నారు, గట్టి ఆధారం ఇంకా లేదు. మన దగ్గర మామూలుగా దొరికేది 50 మిల్లీగ్రాముల మాత్ర, దీనికి వాడేది 4.5 మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువ కూడా. ఇంట్లో కత్తితో కోసుకునే లెక్క కాదది. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే అసలు ముట్టుకోకూడదు.

పండక్కి ఇక్కడికొస్తే మన వీధి ఆర్ఎంపీ సెలైన్ ఎక్కిస్తానంటాడు, నీరసం అంటే ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే. పూటో రెండు పూటలో హుషారుగా ఉంటుంది, అంతే. అందులో స్టెరాయిడ్ కలిపితే ఇంకా ప్రమాదం. పెద్దమ్మ పంపిన అశ్వగంధ కూడా డాక్టరుకు చెప్పకుండా వాడకు. దానివల్ల లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు, థైరాయిడ్ అంకెలు కూడా మారతాయి. పెద్దమ్మతో నేను మాట్లాడతాను.

అన్నిటికన్నా పెద్ద తగాదా నడక గురించే. మీ మామగారు "రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ వాకింగ్ చెయ్యమ్మా" అనడం ప్రేమతోనే. లండన్ డాక్టర్లు కూడా అదే చెప్పేవాళ్లు. పేస్ అనే పెద్ద అధ్యయనం 2011లో లాన్సెట్‌లో వచ్చి, క్రమంగా వ్యాయామం పెంచితే మేలని చెప్పింది. రోగులు ఒప్పుకోలేదు. కోలుకున్నారని లెక్కపెట్టిన కొలతలను మధ్యలో సడలించారని బయటపెట్టారు. చివరికి నైస్ 2021లో ఆ వ్యాయామ వైద్యాన్ని తీసేసింది. ఉన్న శక్తికి లోబడి పని చేసుకోవడమే ఇప్పుడు వాళ్లు చెప్పేది. ఒంట్లో బాగుందనిపించిన రోజే నువ్వు ఇల్లంతా సర్ది, అల్మరాలు దులిపి, రెండు రోజులు మంచం పడుతున్నావు. బాగున్న రోజునే ఆపాలి, ఇంకా చేయగలను అనిపిస్తుండగానే. ఏ పని చేశావు, మర్నాడూ ఆ మర్నాడూ ఎలా ఉన్నావు అని డైరీలో రెండు ముక్కలు రాసుకో. డాక్టరమ్మకు ఏ ల్యాబ్ రిపోర్టుకన్నా అదే ఎక్కువ చెప్తుంది. సూర్యనమస్కారాలు ఆపేయ్. పడుకుని చేసే ప్రాణాయామం వల్ల ఇబ్బంది లేకపోతే అది చాలు. వ్రతానికి రావడం లేదని మీ ఆడపడుచు అలిగితే అలగనీ.

స్టాన్‌ఫర్డ్‌లో రాన్ డేవిస్ అనే జన్యుశాస్త్రవేత్త ఉన్నాడు. కొడుకు విట్నీ ఈ జబ్బుతో మాట కూడా ఆగిపోయి మంచాన పడితే, ఆయన తన పరిశోధనంతా ఇటు తిప్పేశాడు. రక్తకణాలకు ఉప్పునీటితో శ్రమ పెట్టి విద్యుత్ సంకేతంలో మార్పు చూసే పరీక్ష ఒకటి 2019లో అచ్చు వేశారు. 20 మంది రోగులనూ, 20 మంది ఆరోగ్యవంతులనూ అది తేడా పట్టింది. ఇంకా ల్యాబులకు రాలేదు. ఎడిన్‌బరో వాళ్లు 15 వేల మందికి పైగా రోగుల డీఎన్ఏ చూసి, తేడా ఉన్న ఎనిమిది చోట్లు దొరికాయని 2025లో ప్రకటించారు. వచ్చే ఏడాదికే మందు వస్తుందని నేననను. పని జరుగుతోందని మాత్రం తెలుసుకో.

ఆఫీసు వాళ్లకు సర్టిఫికెట్ రాసేటప్పుడు "జనరల్ వీక్‌నెస్" అని రాయనివ్వకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక పదో కూర్పులో (ఐసీడీ-10) దీనికి జీ93.3 అని కోడ్ ఉంది, నాడీమండల వ్యాధుల కింద. 1969 నుంచీ దీన్ని ఆ విభాగంలోనే పెడుతున్నారు. ఆ కోడ్ వేయించు, ఇంటి నుంచి పని అడగడానికి హెచ్ఆర్ దగ్గర అది పనికొస్తుంది. జీతం తగ్గినా సగం పూట పని ఇస్తే ఒప్పుకో. ఈఎంఐ సంగతి నాన్న కిరణ్‌తో మాట్లాడారు, దాని గురించి నువ్వు ఆలోచించకు.

బీపీ మిషన్ కొని పార్శిల్లో వేశాను, బ్యాటరీలు అందులోనే ఉన్నాయి. చేతికి కట్టే పట్టీ మోచేతికి రెండు వేళ్ల పైన రావాలి, కిరణ్‌కు చూపించు. ఆదివారం రాసిన అంకెలు ఫొటో తీసి పంపించు, నువ్వేమీ టైపు చేయక్కర్లేదు. ఫెరిటిన్ వచ్చాక ఐరన్ మాత్ర ఏది మొదలుపెట్టాలో డాక్టరమ్మనే అడుగు, ఏదైనా టీ కాఫీలతో కలిపి మాత్రం వేసుకోకు.

అమ్మ