ఒడ్డు పక్కనే ఉంది కదా అని మునిగిన ఓడ దగ్గర ఆటలొద్దు

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన ఆదివారం మీ ట్రావెల్ పేజీలో బాలీ మీద వేసింది చదివాను, ఫొటోలు బాగున్నాయి, అక్కడి తులంబెన్ ఊరి ఒడ్డున మునిగిన ఓడ గురించి తెలుగులో రాసినందుకు సంతోషం కూడా వేసింది, కానీ "ఓడ ఒడ్డు నుంచి 30 మీటర్లే, లోతు లేదు, ఈత రాకపోయినా పర్లేదు" అన్న ముక్క చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను. నేను అక్కడ వీపున గాలి సిలిండర్ కట్టుకుని డైవ్ చేశాను. ఆ ఒక్క లైను చూసి బుకింగ్ చేసేసుకునేవాళ్లు ఉంటారండీ, హైదరాబాద్, వైజాగ్ నుంచి హనీమూన్‌కి బాలీ వెళ్లేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు.

ఓడ కథ మీవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేశారు కాబట్టి కొంచెం చెప్తాను. లిబర్టీ అని అమెరికా వాళ్ల సరుకు ఓడ, 1918లో కట్టింది, 120 మీటర్ల పైనే పొడవు. 1942 జనవరి 11న బాలీ పక్క దీవి లాంబోక్ దగ్గర జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొడితే, ఒక అమెరికా యుద్ధనౌకా ఒక డచ్ యుద్ధనౌకా కలిసి బాలీలోని సింగరాజా రేవుకి లాక్కెళ్దామని చూశాయి, లోపలికి నీళ్లు ఎక్కువైపోయి ఇక కుదరక తులంబెన్ ఒడ్డుకి ఎక్కించేశారు. ఇరవయ్యేళ్ల పైన ఒడ్డు మీదే పడుంది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ అదుర్లకి నీళ్లలోకి జారి, నల్ల ఇసుక వాలు మీద పక్కకి ఒరిగిపోయింది. అందుకే పై భాగం 5 మీటర్ల దగ్గరే కనపడుతుంది, కింది భాగం 30 మీటర్ల దాకా పోతుంది. మీవాళ్లు రాసింది పై భాగం గురించే! ట్రై డైవ్, అంటే కోర్సు చేయకుండా గైడ్‌తో ఊరికే ఒకసారి దిగి చూసేవాళ్లకి లిమిట్ 12 మీటర్లు, ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేసినవాళ్లకి 18, కానీ ఓడ మీద ఎక్కడా గీత గీసి ఉండదు, నీళ్లు తేటగా ఉంటాయి, చేపల గుంపు వెనకాల పోతా ఉంటే ఎంత దిగామో తెలీనే తెలీదు.

సరే, కిందకి దిగం, పైనే ఉంటాం అంటారేమో. ఊపిరితిత్తులకి ఎక్కువ తేడా వచ్చేది ఆ పైనే. ఒడ్డు మీద ఉన్న ప్రెషర్ 10 మీటర్లు దిగేసరికి రెట్టింపు అవుతుంది, మళ్లీ రెట్టింపు అవ్వాలంటే 30 దాకా దిగాలి. అంటే 10 మీటర్ల దగ్గర నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వచ్చేస్తే ఆ గాలి లోపల రెండింతలు అవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగి గాలి బుడగ రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడుకి వెళ్లొచ్చు. మీటరున్నర లోతులో కూడా ఇది జరగొచ్చు. అందుకే డైవింగ్‌లో మొదటి రూలే ఊపిరి బిగబట్టొద్దు అని.

నా కళ్లముందే ఒక కుర్రాడు, మన తెలుగబ్బాయే, స్టిక్‌కి కెమెరా తగిలించుకుని ఓడ పక్కన వీడియో తీసుకుంటున్నాడు, బుడగలు మొహానికి అడ్డం వస్తున్నాయని ఊపిరి బిగబట్టేశాడు. ఛాతీ నిండా గాలి ఉంటే మనిషి తేలతాడు కదా, మెల్లగా పైకి పోతున్నాడు, వాడి దృష్టంతా కెమెరా మీదే. గైడ్ వెనకనుంచి జాకెట్ పట్టీ పట్టుకుని కిందకి లాగి, నోట్లో ఉన్న రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునేది) మీద వేలితో టకటకా కొట్టి, ఊదు ఊదు అని సైగ చేశాడు. ఆ గైడ్‌కి అతనొక్కడే కస్టమర్ కాబట్టి సరిపోయింది, ఒక్కో గైడ్ వెనకాల నలుగురైదుగురు ట్రై డైవ్ వాళ్లు పోతుండటం కూడా అక్కడే చూశాను.

ఇంక ఒడ్డు సంగతి. అక్కడ ఇసుక బీచ్ కాదు, గుండ్రటి నల్లరాళ్లు. ఊళ్లో ఆడవాళ్లు సిలిండర్లు నెత్తిన పెట్టుకుని ఆ రాళ్ల మీద చకచకా నడిచిపోతారు, మనం వీపున అదే సిలిండర్‌తో నాలుగడుగులు వేసేసరికి తూలిపోతాం, పైగా అల లాగినప్పుడు కాళ్ల కింద రాళ్లు దొర్లుతాయి. ఆర్కే బీచ్‌లో మోకాల్లోతు నీళ్లలో నిలబడ్డ మనుషుల్ని అల లాక్కుపోతుందని ఏడాదికోసారైనా పేపర్లో చదివే ఊరు మాది, ఈత రాకపోయినా పర్లేదు అని ఎవరైనా రాస్తే మాకు నచ్చదు.

మీ ఐటెంలో ఇంకోటి ఉంది, పొద్దున ఓడ, మధ్యాహ్నం కింతామణి వెళ్లి అగ్నిపర్వతం చూడటం, అంతా ఒకే రోజు ప్లాన్. కింతామణి 1500 మీటర్ల ఎత్తు! డైవ్ చేశాక ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటకి పోవడానికి టైం పడుతుంది, ఈలోపు ఎత్తుకి వెళ్తే ప్రెషర్ తగ్గి అది ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు, విమానం ఎక్కినట్టే లెక్క. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువైతే 18 గంటలు ఆగి ఫ్లైట్ ఎక్కమంటారు, కొండ రోడ్డుకీ అదే జాగ్రత్త. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఇది చెప్పరు. ఆస్తమా ఉందా, బీపీ ఉందా అని అడిగే మెడికల్ ఫారంలో "అన్నిటికీ నో అని కొట్టెయ్యండి సార్" అని మాకు చెప్పిందే ఒక ఏజెంటు.

ఇది చదివి ఎవరూ మానుకోకూడదు, పొద్దున్నే సూర్యుడు వచ్చేటప్పుడు ఆ ఇనుప దూలాల మీద పెరిగిన పగడాల మధ్యన తిరగడం నిజంగా బాగుంటుంది. రుషికొండలోనో ఇంకెక్కడో ముందు ఈత, తర్వాత కోర్సు చేసి వెళ్తే ఇంకా బాగుంటుంది. తుప్పుపట్టిన రేకుల సందుల్లోంచి లోపలికి దూరడం మాత్రం దానికి వేరే ట్రైనింగ్ ఉన్నవాళ్ల పని.

మీకు నా రిక్వెస్ట్ ఒక్కటే, వచ్చే ఆదివారం అదే పేజీలో చిన్న బాక్స్ వేసి ఆ ఈత లైను సరిచేయండి, ఆ ఒకరోజు ప్లాన్‌ని కూడా రెండు రోజులు చేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, విశాఖపట్నం