మతిమరుపును వయసు మీదకు నెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ హన్మకొండలో 30 ఏళ్లు టీచర్‌గా చేసింది. ఇప్పుడు సర్వపిండి తిన్న గంటకే "ఇంకా ఏం తినలేదు బిడ్డా" అంటుంది. గ్రహాలు అడిగితే మాత్రం ప్లూటో దాకా తొమ్మిదీ గడగడా చెబుతుంది. 2006లో దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారని అప్పట్లో పిల్లలకు తనే చెప్పింది, అది గుర్తులేదు. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. పాతవి ఇంకొన్నాళ్లు ఉంటాయి.

రెండేళ్లు "వయసు కదా" అనుకున్నాం. మొదట చూసిన డాక్టరూ అదే అన్నారు. థైరాయిడ్ సమస్య, బీ12 లోపం వల్ల వచ్చే మతిమరుపు మందులతో తగ్గొచ్చు. ఆ రక్తపరీక్షలైనా రాయలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో వారానికొక రోజు జ్ఞాపకశక్తి పరీక్షలకు కేటాయించాలి.

- ఒక పాఠకురాలు, హన్మకొండ