మోకాలి నొప్పికి గుజ్జు ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

‘మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట మన దగ్గర బాగా నాటుకుపోయింది. గుజ్జు పెంచుతామనే ప్రకటనలకు అదే పెట్టుబడి. అరగడం నిజమే. కానీ ఆ గుజ్జులో, అంటే మృదులాస్థిలో, నరాలే లేవు. నొప్పి ఎక్కువగా కీలు లోపలి పొరలోనూ, మృదులాస్థి కిందున్న ఎముకలోనూ, దాని మూలుగలోనూ పుడుతుంది.

కీలు మార్పిడి ఆపరేషన్‌లో కోసి తీసిన ఎముక ముక్క చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఎక్కువ బరువు పడిన చోట మృదులాస్థి పూర్తిగా పోయి, ఎముక ఏనుగు దంతంలా నున్నగా మెరుస్తుంటుంది. కోసిన వైపు జిగట ద్రవం నిండిన చిన్న చిన్న గుంతలు, అంచుల్లో కొత్తగా మొలిచిన ఎముక కొమ్ములు ఉంటాయి. ఎక్స్-రేలో అక్కడ ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది కదా అని బలపడిందనుకోవద్దు. ఎముక పెరిగినా అందులో ఖనిజం పాళ్ళు తగ్గి ఉంటాయి.

ఎంఆర్ఐ రిపోర్టులో ‘బోన్ మారో ఎడిమా’ అని చదివి చాలామంది హడలిపోతారు. అంటే ఎముక మూలుగలో నీరు చేరడం; స్కాన్‌లో అది మచ్చలా కనిపిస్తుంది. అయితే ఆ మచ్చ ఉన్న చోటి ఎముకను సూక్ష్మదర్శినిలో చూస్తే నీటి కంటే నార కణజాలం, చచ్చిన కొవ్వు కణాలు, దెబ్బతిన్న ఎముక పోగులే ఎక్కువ. 2001లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో మోకీలు అరిగి, నొప్పి ఉన్న 351 మందిలో 272 మందికి ఈ మచ్చలున్నాయి. కీలు అరిగినా నొప్పి లేని 50 మందిలోనూ 15 మందికి కనిపించాయి. ఈ మచ్చలు పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. కాబట్టి ఒక్క రిపోర్టు పట్టుకుని ఆపరేషన్‌కు తొందరపడనక్కర్లేదు.

ముందు కావలసింది నిలబెట్టి తీసిన ఎక్స్-రే. పడుకోబెట్టి తీస్తే కీలు సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనిపించి మోసం చేస్తుంది. పెద్ద వయసు వారికి, ముఖ్యంగా ఆడవారికి, ఉన్నట్టుండి అడుగు వేయలేనంత నొప్పి వస్తే మాత్రం ఎంఆర్ఐ అవసరమే. మృదులాస్థి కిందున్న ఎముకలో సన్నని పగులు వచ్చి ఉండవచ్చు. మొదట్లో అది ఎక్స్-రేకు దొరక్కపోవచ్చు. అలాగే నడిస్తే ఆ భాగం కుంగిపోయే ప్రమాదముంది.

ఎముక మీద భారం తగ్గించే పనులు పెద్దగా ఖర్చులేనివి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో చేత్తో పట్టుకోవాలి; చేయి కిందికి వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. దుకాణంలో కొన్న కర్ర పొడవెక్కువైతే కోయించుకోండి.

— కీళ్ళ వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కొందరు, గుంటూరు