రోజ్‌డేల్ పాత రైలుకట్టపై తోడు నడిచిన పెద్దాయనకు కృతజ్ఞతలు

గత ఆదివారం నాన్నగారితో కలిసి ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్ మూర్స్‌లో, 1861 నుంచి 1929 వరకు ఇనుప ఖనిజాన్ని మోసిన రోజ్‌డేల్ రైలుమార్గపు పాత కట్ట మీద బ్లేకీ వైపు నడుస్తుండగా పొగమంచు కమ్ముకుంది, ఆ మసకలో రాయి మీద అడుగు జారి నాన్నగారి చీలమండ బెణికింది. చెట్టన్నది లేని ఆ హెదర్ పొదల బీడులో ఫోనుకు సిగ్నల్ కూడా అందలేదు.

ఎదురుగా వస్తున్న ఒక పెద్దాయన మేము పిలవకముందే ఆగి, తడి నేల మీద మోకాళ్ళూని, బూటు విప్పితే వాచిన పాదం మళ్ళీ పట్టదని చెప్పి, తన మెడలోని ఉన్ని మఫ్లరు తీసి బూటు మీదుగానే చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా బిగించి కట్టారు. చలికి ఎర్రబడి, ముడి దగ్గర కొద్దిగా వణికిన ఆ వేళ్ళు నాకింకా కళ్ళ ముందే ఉన్నాయి. ఆపైన తన చేతికర్రను నాన్నగారి చేతిలో పెట్టి, వెళ్ళవలసిన దారి వదులుకుని, మా అడుగులో అడుగు వేస్తూ రోడ్డు దాకా వచ్చారు. "ఇది ఇంజన్లు నడిచిన దారి, ఇక్కడ పెద్ద ఎత్తుపల్లాలు ఉండవు, భయపడకండి" అని ఆయన అన్న మాట, ఇంగ్లీషు అంతగా రాని నాన్నగారికి కూడా అర్థమైంది.

పేరు అడిగేలోపే ఆయన మంచులోకి వెళ్ళిపోయారు. అయ్యా, మీ మఫ్లరు ఉతికి భద్రంగా ఉంచాము. నాన్నగారు మీకు నమస్కారం చెప్పమన్నారు.