హెలికాప్టర్లను ఉమ్మడి కమాండ్ కిందికి తేవాలి

సంపాదకులకు నమస్కారం.

హకీంపేట వైమానిక స్థావరానికి దగ్గర్లో, అల్వాల్‌లో ఉంటాం. హెలికాప్టర్ పైలట్ల శిక్షణ అక్కడే కాబట్టి ఆ చప్పుడు మాకు అలవాటే. అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యేది కూడా మన ఆదిభట్లలోనే. ఆర్మీ తొలి అపాచీ బాడీ 2023లో ఇక్కడి నుంచే వెళ్లింది. ఆర్మీ కొన్నవి ఆరు, వైమానిక దళం దగ్గర అంతకు ముందే 22 ఉన్నాయి. యంత్రం ఒకటే అయినప్పుడు రెండు దళాలకు రెండు వేర్వేరు ఏర్పాట్లు ఎందుకని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు అంతకంటే పెద్ద సంఖ్యలో ప్రచండ్‌లు, అంటే మన దేశంలోనే తయారయ్యే తేలికపాటి యుద్ధ హెలికాప్టర్లు, రాబోతున్నాయి. 2025 మార్చిలో సుమారు 62,700 కోట్ల రూపాయలతో 156 హెలికాప్టర్లకు ఒప్పందం కుదిరింది. 90 ఆర్మీకి, 66 వైమానిక దళానికి. మూడో ఏడాది నుంచి అవి అందడం మొదలవుతుంది. హెలికాప్టర్ కొనడం ఒక ఎత్తు, దాన్ని ఏళ్ల తరబడి ఎగిరే స్థితిలో ఉంచడం ఇంకో ఎత్తు. విడిభాగాలు, సిమ్యులేటర్లు, మెకానిక్‌ల శిక్షణ, ఓవర్‌హాల్ అన్నీ కావాలి. ఒక దళం స్టోరులో ఉన్న గేర్‌బాక్స్ ఇంకో దళం హెలికాప్టర్‌కు అదే రోజు అందాలి. ఫైళ్లు రెండు చోట్ల తిరిగితే అందదు.

బ్రిటన్ 1999లోనే జాయింట్ హెలికాప్టర్ కమాండ్ పెట్టింది. ఆర్మీ అపాచీలు, వైమానిక దళం చినూక్ రవాణా హెలికాప్టర్లు, నేవీ కమాండో హెలికాప్టర్లు ఒకే అధికారి కిందికి వచ్చాయి. ఎవరి యూనిఫాం వాళ్లదే. జలాంతర్గాములను వేటాడే హెలికాప్టర్లను మాత్రం నేవీకే వదిలేశారు. అది సరైన పనే అని నా అభిప్రాయం, ఓడ మీద పని వేరు. కమాండ్ పెట్టగానే కొరత తీరిపోలేదన్నదీ నిజమే. అఫ్గానిస్థాన్‌లో హెలికాప్టర్లు చాలడం లేదని 2009లో బ్రిటన్‌లో పెద్ద గొడవే జరిగింది. కానీ కొరత ఉన్నప్పుడే కదా, ఉన్నవాటిని ఎవరికి ముందు పంపాలో తేల్చే మనిషి ఒకరు కావాలి!

మన దగ్గర చట్టం అడ్డు కూడా తొలగింది. 2023లో చేసిన చట్టంతో ఉమ్మడి సంస్థ అధిపతికి మూడు దళాల సిబ్బందిపైనా క్రమశిక్షణ అధికారం వచ్చింది. మూడు దళాలూ కలిసి పనిచేయాలని పట్టుబట్టిన మన మొదటి త్రిదళాధిపతి (సీడీఎస్) జనరల్ బిపిన్ రావత్ 2021 డిసెంబరులో కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలోనే పోయారు. అప్పటి మన చిత్తూరు జిల్లా కుర్రాడు, జవాను సాయితేజ కూడా అందులోనే ప్రాణాలు వదిలాడు. ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

మూడు దళాల అధికారులూ కలిసి చదివే డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కళాశాల మన సికింద్రాబాద్‌లోనే ఉంది. దీని మీద అక్కడ అధ్యయనం చేయించాలి. మొదట ఒక్క ప్రచండ్‌తోనైనా ఉమ్మడి స్టోరు, ఉమ్మడి శిక్షణ కేంద్రం మొదలుపెట్టమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలని నా విన్నపం.

— ఒక పాఠకురాలు, అల్వాల్, హైదరాబాద్