హాలీ సిక్కాను తోమకండి, హాలీ నోటును లామినేషన్ చేయించకండి

సంపాదకులకు నమస్కారం.

దీపావళి దగ్గర పడుతోంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల తెలుగు ఇళ్ళల్లో లక్ష్మీపూజ కోసం సందుగల్లోంచి పాత వెండి రూపాయలు తీసే రోజులివి. 1956 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి వాటిలో నిజాం ప్రభుత్వపు సొంత రూపాయలైన హాలీ సిక్కాలు ఉంటాయి, మడతలు పెట్టి దాచిన హాలీ నోట్లూ ఉంటాయి. అవి ఎక్కువగా పాడయ్యేదీ ఈ పండగ రోజుల్లోనే. పాడుచేసేది దొంగలు కాదు, శుభ్రం చేద్దామనుకునే ఇంటివాళ్ళే.

ముందు గుర్తుపట్టడం. రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. దాని నడిమి కమాను కింద ఒక చిన్న ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తరవాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. భూతద్దం పట్టి చూడవలసింది దాన్నే. తోమితే అదీ అరిగిపోతుంది. సంవత్సరం హిజ్రీలో వేస్తారు. దాన్ని 0.97తో గుణించి 622 కలపండి: 1337 అంటే 1918-19. నోట్ల మీది ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ లెక్కల) సంవత్సరానికైతే 590 కలిపితే చాలు.

అసలు వెండిదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. ఇంగ్లీషు వారి కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. (ఏడు హాలీలకు ఆరు కల్దార్లన్న పాత మారకం ఊరికే పెట్టింది కాదు, రెండింటిలోని వెండిని లెక్కకడితే దాదాపు అంతే వస్తుంది.) గ్రాములో నూరోవంతు చూపే చిన్న కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా 1.10 దగ్గర నిలవాలి. 1.28 దాకా పోతే అది జర్మన్ సిల్వరు లాంటి తేలిక లోహం. అరిగిన నాణెమైతే ముందు దాని బరువు చూసి 10.17తో భాగించండి, కాటా మీద ఆ అంకె రావాలి. ఆకురాయితో గీకి చూసే పని మాత్రం వద్దు.

ఇక కడగడం. చింతపండు పులుసు వెండితో కలిసి ఉన్న రాగిని పైపొరలోంచి తినేస్తుంది. నాణెం తెల్లగా కనిపిస్తుంది గానీ ప్రాణం పోయినట్టుంటుంది. పళ్ళపొడి, బూడిద గీతలు పెడతాయి. దీపం పక్కన పెట్టి నాణేన్ని అటూ ఇటూ వంచితే వెంట్రుకల్లాంటి ఆ గీతలు వలయాలుగా మెరుస్తాయి. కొనేవాడు మొదట చూసేది వాటినే. నల్లబడ్డ పొర మురికి కాదు, ఏళ్ళ తరబడి కూడిన రక్షణ, దాన్ని అలాగే ఉంచాలి. పాలాభిషేకానికి కొత్త వెండి బిళ్ళ వాడుకోండి. పాతదాన్ని గుండ్రటి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో పెట్టి పీట మీద ఉంచితే పసుపు కుంకుమలు అంటవు, పూజకూ లోటుండదు. మెత్తటి పీవీసీ కవర్లో ఉంచితే నాణెం మీద జిగటగా పచ్చని పదార్థం ఊరుతుంది. దానికి ఒకటే మందు, స్వచ్ఛమైన ఎసిటోన్. గాజు గిన్నెలో పది నిమిషాలు నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, రుద్దకుండా గుడ్డ మీద ఆరనివ్వాలి. ఎసిటోన్ మండుతుంది, పొయ్యి దగ్గర వద్దు. రబ్బరు బ్యాండు కూడా వేయకండి, అందులోని గంధకం వెండి మీద నల్లచార పెడుతుంది.

నోట్ల సంగతి ఇంకా సున్నితం. నోటు ఎంత చెక్కుచెదరకుండా ఉందో 70 పాయింట్ల కొలమానం మీద లెక్కిస్తారు. మడతే లేని నోటుకు 60, ఆపైన. నడిమిలో ఒక్క మడత పడితే యాభైల్లోకి దిగుతుంది. ఆ మడత పోవాలని ఇస్త్రీ చేస్తే ముద్రణ ఎత్తుపల్లాలు చదునైపోతాయి, పరీక్షకులు వెంటనే పట్టేస్తారు. చివికిన అంచును కత్తెరతో సమం చేయడం అన్నిటికన్నా ఘోరం. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులకూ ఇదే నీతి. అక్కడ 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. పదికి 9.5 పాయింట్ల స్థితిలో మిగలడం వల్లే అంత ధర పలికింది. అక్కడే అందరికన్నా పేరున్న హోనస్ వాగ్నర్ కార్డు అంచులు తానే కత్తిరించానని ఒక డీలరు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

నోటు మీది సంతకాన్నీ చూడండి. హైదరీ, గులాం ముహమ్మద్, జాహిద్ హుస్సేన్ వంటి ఆర్థిక మంత్రులవి అవి. సంతకాన్ని బట్టి నోటు అరుదో కాదో తేలుతుంది. సెల్లోటేపు, గుండుసూది, స్టేప్లరు పిన్ను ఏదీ తగలనీయకుండా, నోటును పాలిస్టర్ కవర్లో చదునుగా, గట్టి అట్టల మధ్య పెట్టండి. రేకుల ఇంటి అటక మీదా వద్దు, నేలమీదా వద్దు. అయిదు లీటర్ల డబ్బాకు తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం 50 గ్రాములది చాలు. దానిలోని నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.

పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లో ఆశపెట్టి, ముందు కమీషనో పన్నో కట్టమనేవాళ్ళను నమ్మవద్దు. ఇలాంటి లావాదేవీలు తాము చేయమని, ఎవరికీ అధికారమివ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ధర తెలియాలంటే వేలంపాటల్లో అదే సంవత్సరం, అదే స్థితి నాణెం ఎంతకు పోయిందో చూడాలి. నూరేళ్ళు దాటిన నాణేన్ని దేశం దాటించకూడదు. పొలం దున్నుతుంటేనో గోడ పడగొడుతుంటేనో దొరికిన నిధి పది రూపాయల విలువ మించితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ఇప్పటికే లామినేషన్ అయిపోయిన నోటు ఇంట్లో ఉంటే దాన్ని విప్పే ప్రయత్నం చేయకండి. వేడికి కరిగిన జిగురు కాగితపు పీచులోకి దిగి ఉంటుంది, ప్లాస్టిక్ లాగితే తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ అక్షరాలన్నీ దాంతోపాటే లేచొస్తాయి. అది అమ్ముడుపోదు. ఉన్నది ఉన్నట్టు ఎండ తగలని చోట దాచండి, పిల్లలకు చూపించడానికి పనికొస్తుంది.

— ఒక పాత నాణేల సేకర్త,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా